దస్తీ ఉన్న కుర్చీ

హాలియా
8 జనవరి 2024

మా తమ్ముడు డానియల్ కొడుకు జానీకి,

దీవెన మొదట రాయాలంటారు. నేను చివర రాస్తాను. అక్కడిదాకా చదివితే దొరుకుతుంది, లేకుంటే లేదు. సగంలో లేచిపోవడం నీకు అలవాటే కదా.

ఎనిమిదేండ్ల నుంచి కడుపులో పెట్టుకున్న మాట ఇది. 2016లో మన హీరో సినిమా, మొదటి రోజు మొదటి ఆట. మీ నాయన పోయాక వచ్చిన మొదటి బొమ్మ. నా పక్కన మీ నాయన ఎప్పుడూ కూర్చునే కుర్చీలో నిన్ను కూర్చోబెట్టాను. ఇంటర్వెల్‌లో నువ్వు జేబులోంచి దస్తీ తీసి కుర్చీ మీద వేసి బయటికి పోయావు. మళ్లీ రాలేదు.

సినిమా నచ్చకపోతే లేచిపో. తప్పు కాదనను గానీ, రోగం అంటాను. రోగానికి మందుంటుంది. కానీ దస్తీ ఎందుకు వేసిపోయావు?

నీకు తెలియకపోతే చెప్తాను విను. మీ నాయనా నేనూ నేల టికెట్టులో మొదలుపెట్టాం. ఒకడు ఉమ్మేసిన చోటు మీద ఇంకొకడు కూర్చునే జాగా అది. అక్కడి నుంచి బెంచీకి, బెంచీ నుంచి కుర్చీకి రావడానికి మాకు సగం వయసు పట్టింది. ఊర్లో పెద్దల వాకిట్లో నిలబడే మాట్లాడాం గానీ కూర్చోలేదు. టాకీసులో మాత్రం ఒకటే చట్టం. దస్తీ ఎవరు ముందు వేస్తే కుర్చీ వాళ్లది. ఎంత మొనగాడు వచ్చినా పక్కకు పోవాలి. దస్తీ వేసినవాడు వస్తాడు. అది మాట ఇచ్చినట్టు.

ఆరోజు నువ్వు పోయాక రైసుమిల్లు మల్లికార్జున్ తన మనుషులతో వచ్చాడు.

"గా కుర్చీ ఖాళీగనే ఉన్నది గదా, జరుగు," అన్నాడు.

"దస్తీ ఉన్నది," అన్నాను.

"ఎవలది?"

"మా డానియల్ కొడుకుది. వస్తడు."

గంట కొట్టారు. లైట్లు ఆర్పారు. నువ్వు రాలేదు. మల్లికార్జున్ చచ్చిన ఎలుకను తోకపట్టి ఎత్తినట్టు నీ దస్తీని రెండు వేళ్లతో ఎత్తి కింద పడేశాడు. నేను వాడి కాలర్ పట్టుకున్నాను. ఆ తర్వాత ఏమైందో హాలియా అంతా చూసింది, నువ్వు తప్ప. అభిమాన సంఘంలో నా అధ్యక్షుడి కుర్చీ కూడా ఆ రోజుతోనే పోయింది.

ఆ రోజే పోస్టరు కింద నిలబడి, నీతో ఇక మాట్లాడనని అందరి ముందర ఒట్టు పెట్టుకున్నాను. అందుకే నీ ఫోను ఎత్తను. మొన్న మీ పెద్దమ్మ సుక్కమ్మ అడిగింది, "మాట్లాడనన్నవు, రాయనన్నవా?" అని. అనలేదు. అందుకే రాస్తున్నాను. మాట్లాడినట్టు రాయొద్దు, పుస్తకంలో రాసినట్టు రాయాలని రాత్రిబడి సారు నేర్పాడు. తప్పులుంటే ఆయనను అడుగు.

ఇంకొకటి. ఆ రోజే నువ్వు ఫోనులో ఆ సినిమాకు ఒకటిన్నర నక్షత్రం వేశావట. సంఘం పిల్లలు నాకు చదివి వినిపించారు. నక్షత్రాలు పంచిపెట్టడానికి నువ్వేమన్నా ఆకాశానికి సర్పంచివా? సగం బొమ్మ చూసి మార్కులు వేసేవాడిని ఏ బడిలోనూ పంతులుగా పెట్టుకోరు.

దస్తీ సంగతి రాయి.

దీవెన: నీ జుట్టు ఊడకుండా ఉండుగాక. ఆ జుట్టు పోతే నీ సంగీతం కూడా పోతుందని విన్నాను.

పెద్దబాపు బాలస్వామి


హైదరాబాద్
16 జనవరి 2024

పెద్దబాపూ,

ఇది నా జీవితంలో మొదటి ఉత్తరం. పోస్టాఫీసు ఎక్కడుందో ఫోనును అడగాల్సి వచ్చింది. నువ్వు ఫోను ఎత్తి ఉంటే ఈ కథంతా రెండు నిమిషాల్లో అయిపోయేది.

దస్తీ గురించి అడిగావు. నిజం చెప్తాను. ఆరోజు టాకీసులో ఫ్యాన్లు తిరగలేదు. మెడ తుడుచుకుని దస్తీ అక్కడ పడేశాను. బయటికి వస్తే కాలేజీ దోస్తులు బండి మీద ఉన్నారు. ఎక్కాను. దస్తీ మర్చిపోయాను. అంతే. దాంట్లో చట్టం ఉందని నాకు తెలియదు. మేము సీటు ఫోనులో బుక్ చేసుకుంటాం. అక్కడ మల్లికార్జున్ అయినా మంత్రి అయినా ఒకటే. గొడవ అయిందని విన్నాను గానీ, నా కోసం అయిందని ఎవరూ చెప్పలేదు. కొట్టారా నిన్ను?

ఇక సినిమా సంగతి. కోపం తెచ్చుకోకు. ఆ ఒకటిన్నరలో ఒకటి నీ కోసం వేశాను. మీ హీరో సైకిల్ చైనుతో ఊరంతటినీ కొట్టాడు, ఒక్క వెంట్రుక చెదరలేదు. ఆయనకు చెమట పట్టలేదు, ఆయన చెమట కూడా మనకే పట్టింది. హీరోయిన్ రెండు పాటలు పాడి మాయమైంది, ఆమె తల్లి కూడా వెతకలేదు. మీరు ఆయన కటౌట్ మీద పాలు పోస్తుంటే, మన వాడకట్టు పిల్లలు కింద నిలబడి చూశారు. వాళ్ల ఇంట్లో ఆ పొద్దు నల్లచాయే. చిన్నప్పుడు ఆ పిల్లల్లో నేనూ ఉన్నాను. నేను లేచిపోయింది సినిమా నచ్చక ఒక్కటే కాదు.

మా రాక్ సంగీతంలో దేవుడు లేడు పెద్దబాపూ. ముగ్గురం నిలబడి మాకేం మండుతోందో అది పాడతాం. గ్లోరీ పాడుతుంది, సురేశ్ గిటారు, నేను డ్రమ్స్. ఎవరూ మాకు పాలు పోయరు. కొందరు నీళ్ల సీసాలు విసురుతారు, అవి కూడా ఖాళీవే.

ఫిబ్రవరి 17, శనివారం సాయంత్రం నందికొండలో నీళ్ల ఒడ్డున మా ప్రోగ్రాం ఉంది. నీకు ముందు వరుసలో కుర్చీ పెట్టిస్తాను. పెద్దమ్మను కూడా తీసుకురా. శుభం దాకా కూర్చుంటావో లేదో చూస్తాను.

జానీ


హాలియా
27 జనవరి 2024

మర్చిపోయిన జానీకి,

మీ నాయన గొడుగు మర్చిపోయేవాడు. చెప్పులు మర్చిపోయి ఉత్తకాళ్లతో వచ్చేవాడు. పెండ్లి రోజు ఉంగరం మర్చిపోయాడు, పాస్టరు నవ్వాడు. కానీ దస్తీ వేసి కుర్చీ మర్చిపోలేదు ఎన్నడూ. ఒకసారి పానగల్ జాతరకు పోయి, ఆటకు ఆలస్యమైతే లారీ ఎక్కి వచ్చాడు. నేను కుర్చీ కాచుకుని ఉన్నానని తెలుసు కాబట్టి.

కొట్టారా అని అడిగావు. కొట్టలేదు. కొట్టించుకునే మనిషిలా కనబడుతున్నానా?

పాల సంగతి రాశావు. దాని మీద నీతో వాదించను. పాలు పోసింది నేనే, ఉన్నన్నాళ్లూ బిందె మోసింది మీ నాయన. మాకు అప్పుడు ఆ కటౌట్ ఒక్కటే మనకంటే ఎత్తుగా ఉండి మనల్ని కసరనిది. అది నీకు అర్థం కాదు. అర్థం కాకుండా ఉండడానికే నిన్ను చదివించాం.

కానీ ఆ సినిమాను అనకు. నువ్వు రెండో సగం చూడలేదు. అసలు బొమ్మ అక్కడే ఉంది. హీరో తమ్ముడు కోపం వచ్చి ఇల్లు విడిచి పోతాడు. మిల్లు దగ్గర హీరోను అందరూ చుట్టుముడతారు. ఒక్కడైపోయాడు అనుకుంటాం. అప్పుడు గేటు తెరుచుకుని తమ్ముడు వస్తాడు. చేతిలో ఏమీ ఉండదు. వచ్చి అన్న పక్కన నిలబడతాడు, అంతే. కొట్లాట అక్కడితో ఆగిపోతుంది. టాకీసంతా లేచి నిలబడింది. ఇది చూడకుండా నక్షత్రాలు పంచావు నువ్వు.

ఇప్పటి సినిమాలు ఎట్లా ఉన్నాయి? హీరో గడ్డం పెంచుకుని నడుస్తాడు. నడుస్తూనే ఉంటాడు. నడకకు ఒక పాట, ఆగితే ఒక పాట. మాట మాట్లాడితే వినబడదు, వెనుక రైసుమిల్లు తిరిగినట్టు చప్పుడు. మూడు గంటలు కూర్చోబెట్టి శుభం వేయరు, రెండో భాగం ఉందంటారు. అన్నం సగం పెట్టి, మిగతా సగానికి వచ్చే ఏడాది రమ్మన్నట్టు.

మీ పాట పక్కింటి సుమన ఫోనులో చూపించింది. గ్లోరీ అరుస్తుంటే మీ పెద్దమ్మ, "పాపం, గా పిల్లను జర దవాఖానకు తీస్కపోరాదు," అన్నది. సురేశ్ గిటారు వాయిస్తూ పండ్లు బిగబట్టాడు, పంటినొప్పి ఉన్నదా? నువ్వు కనబడనే లేదు. డబ్బాల వెనుక దాక్కున్నావు. తప్పు చేసినవాడు కూర్చునే జాగా అది. మాట ఒక్కటీ అర్థం కాలేదు. తెలుగేనని సుమన చెప్పింది.

వస్తాను. మీ పెద్దమ్మ రాదు, ఆమెకు గుండె ఉన్నది. నేను వచ్చినా మాట్లాడను. ఒట్టు ఒట్టే. కూర్చుని చూస్తాను, ఎట్లా చూడాలో నీకు చూపిస్తాను.

దీవెన: నీ డప్పుకు చర్మం చిరగకుండా ఉండుగాక.

పెద్దబాపు


హైదరాబాద్
20 ఫిబ్రవరి 2024

పెద్దబాపూ,

గెలిచావు. చప్పట్లు కొట్టుకో.

తెల్ల పంచె కట్టుకుని వచ్చావు. ముందు వరుసలో కుర్చీ దులిపి కూర్చున్నావు. నిన్ను చూసి మొదటి పాటలో రెండు దెబ్బలు తప్పాను. తర్వాత, గ్లోరీ రాగం అందుకున్నప్పుడు నువ్వు లేచావు. కుర్చీ మీద దస్తీ వేశావు. నా కండ్లలోకి చూసి మరీ వేశావు. పోయావు.

ఒంటికి వెళ్లాడు, వస్తాడు అనుకున్నాను. పాట అయిపోయింది. ఇంకో పాట కూడా అయిపోయింది. ఎవరో పెద్దమనిషి కుటుంబంతో వచ్చాడు. ఆలస్యంగా వచ్చినవాడు వెనుక కూర్చోవాలి కదా. ముందు వరుసలో నీ కుర్చీ చూసి, దస్తీ తీయబోయాడు.

నేను వాయించడం ఆపేశాను. సురేశ్ తిరిగి చూశాడు, గ్లోరీ పాట మధ్యలో నోరు తెరిచి నిలబడింది. ఆమె చేతిలో మైకు తీసుకుని చెప్పాను. ఏం చెప్పానో నాకు ఇప్పుడు సిగ్గుగా ఉంది, రాయను. జనం నవ్వారు. ఆ పెద్దమనిషి నవ్వలేదు. ప్రోగ్రాం పెట్టినవాళ్లు వచ్చి, కుర్చీ కోసం పాట ఆపుతావా అన్నారు. కుర్చీ కోసమే ఆపానన్నాను. మా చివరి రెండు పాటలు కోసేశారు. ఇంకెప్పుడూ మమ్మల్ని పిలవం అన్నారు. ఆ రెండు పాటల కోసమే మేము అక్కడికి వచ్చాం. సురేశ్ తిరిగొచ్చే దారంతా నాతో మాట్లాడలేదు. మన ఇంటి రోగం వాడికీ అంటింది.

దీపాలు ఆర్పేదాకా ఆ కుర్చీ ఖాళీగానే ఉంది. నువ్వు రాలేదు.

దస్తీ వేసినవాడు వస్తాడని నువ్వే రాశావు. ఎనిమిదేండ్ల పగను ఇంత పద్ధతిగా తీర్చుకుంటావనుకోలేదు. నేను తెలియక చేశాను. నువ్వు తెలిసి చేశావు. ఇద్దరిలో ఎవరిది పెద్ద తప్పో నీ సంఘంలో పెట్టి అడుగు.

ఇంకో మాట. నీ ఉత్తరం చదివి, సిగ్గుపడి, ఆ సినిమా మళ్లీ పెట్టుకుని చివరిదాకా చూశాను. పెద్దబాపూ, ఆ సినిమాలో హీరోకు తమ్ముడే లేడు. మిల్లు లేదు, గేటు లేదు. రెండో సగమంతా మంచులో పాటలు. చివర హీరో హెలికాప్టర్‌ను చేత్తో ఆపుతాడు. ఒకటిన్నర నక్షత్రం కూడా ఎక్కువే.

నువ్వు రెండో సగం చూడలేదు. అవునా, కాదా?

నీ దస్తీ నా దగ్గర ఉంది.

జానీ


హాలియా
27 ఫిబ్రవరి 2024

జానీకి,

ఈసారి దీవెన మొదటే రాస్తున్నాను, చివర జాగా ఉండదు. నీ చేతులు సల్లగుండ.

పగ అన్నావు. పగ తీర్చుకునేవాడు బస్సులో నిలబడి నందికొండ దాకా వస్తాడా? హాలియాలోనే కూర్చుని తీర్చుకుంటాడు, కాళ్లన్నా నొప్పి పెట్టవు.

గేటు దగ్గర ఒక పిలగాడు నా చేతికి కాగితప్పట్టీ కట్టాడు. దవాఖానలో పేషెంట్లకు కడతారే, అట్లాంటిది. నేనేమన్నా రోగినా? కుర్చీలో కూర్చోగానే చింపి పారేశాను. తర్వాత ఒంటికి పోవాల్సి వచ్చింది. నా వయసుకు నీ డ్రమ్ము దెబ్బలు పొట్ట కింద తగులుతాయి. నీ కండ్లలోకి చూసింది, వస్తానని చెప్పడానికి. మాట్లాడొద్దు కదా, ఇంకెట్లా చెప్పాలి?

తిరిగి వస్తే ఆ పిలగాడే.

"పట్టీ ఏది తాతా?"

"చింపేసిన."

"పట్టీ లేకుంటే లోపల్కి పోనియ్య."

"లోపల నా దస్తీ ఉన్నది."

వాడు నవ్వాడు. "దస్తీ ఏంది తాతా?" అన్నాడు. కాలర్ పట్టుకుందామనుకున్నాను. మళ్లీ ఒక కాలర్ పట్టుకుంటే మళ్లీ ఒక ఎనిమిదేండ్లు పోతాయి. వెనక్కి తిరిగాను.

బయట రేకుల గోడ పక్కన బిక్షమ్మ అనే ఆమె మక్కకంకులు కాలుస్తోంది. బుట్ట బోర్లించి కూర్చోమన్నది. అక్కడే కూర్చున్నాను, అంతా అయిపోయేదాకా. నువ్వు మైకులో చెప్పింది రాయనన్నావు. నేను రాస్తాను, గోడ అవతల నుంచి విన్నాను కాబట్టి. "అన్నా, గా కుర్చీల దస్తీ ఉన్నది. మా పెద్దబాపుది. వస్తడు."

బిక్షమ్మ కంకి తిప్పుతూ, "ఆ పెద్దబాపు ఎవలో గానీ, పిలగాడు పాటనే ఆపిండు. వస్తడంటవా?" అని అడిగింది.

"వచ్చిండు. గేటు కాడ ఆపిండ్రు," అన్నాను.

ఆమె ఇంకో కంకి ఇచ్చింది. కాలింది కాదు, మాడింది. తిన్నాను.

మీ పాటల మీద నా మాట రాస్తాను, అడగకపోయినా. సురేశ్ గిటారు ఎక్కువ చేస్తాడు, చేతిలో ఉన్నది కదా అని. గ్లోరీ గొంతు మంచిది. ఎవరి మీద కోపమో తెలియలేదు గానీ, కోపం మాత్రం అసలుది. మన హీరోది అద్దెకు తెచ్చిన కోపం, అది ఒప్పుకుంటాను. నువ్వు బాగా వాయించావనను. ఆపినప్పుడు మాత్రం బాగా ఆపావు.

కోసేసిన రెండు పాటల సంగతి. అది నా వల్లనే. సురేశ్‌కు చెప్పు, మా పెద్దబాపుకు పట్టీలు పడవు అని.

ఇక నువ్వు అడిగింది. అవును, చూడలేదు. మల్లికార్జున్ మనుషులు నన్ను లాగి బయట పడేశారు. పడేటప్పుడు, కింద నుంచి ఏరుకున్న నీ దస్తీ నా చేతిలోనే ఉంది. నువ్వు వస్తావేమోనని గేటు దగ్గరే నిలబడ్డాను. గోడకు చెవిపెడితే లోపలి చప్పుడు వినబడేది. చప్పుడు వాళ్లది, బొమ్మ నాది. ఆ తర్వాత ఎందరు పిలిచినా ఆ సినిమాకు పోలేదు. టీవీలో వస్తే లేచి వాకిట్లోకి పోయేవాడిని. హెలికాప్టర్‌ను చేత్తో ఆపుతాడా? నాది బాగున్నదా, వాళ్లది బాగున్నదా? నిజం చెప్పు. నక్షత్రాలు వద్దు.

ఇప్పుడు అసలు సంగతి. టాకీసు అమ్మేశారు. ఫంక్షన్ హాలు చేస్తారట. కొన్నది ఎవరో నీకు చెప్పనవసరం లేదు, అప్పుడు కుర్చీ ఒక్కటి అడిగాడు, ఇప్పుడు అన్నీ తీసుకున్నాడు. మార్చి 15, శుక్రవారం మ్యాట్నీ ఆఖరి ఆట. ఓనర్ కమలాకర్ నన్ను పిలిచి, "తాతా, అందరికంటె పాత అభిమానివి నువ్వే. ఏ బొమ్మ వేద్దాం?" అని అడిగాడు. మన హీరోవి మంచివి ఎన్నో ఉన్నాయి. నేను ఆ సినిమానే చెప్పాను. "గా చెత్త బొమ్మనా?" అన్నాడు కమలాకర్. అదే అన్నాను. మొదటి సగం ఇద్దరం చూశాం. రెండో సగం నువ్వు ఒక్కడివే చూశావు, అది లెక్కకు రాదు.

కుర్చీలు పాత సామానుకు అమ్మేశారు. మార్చి 12, మంగళవారం నాడు నట్లు విప్పుతారు. ఆఖరి ఆటకు వచ్చినవాళ్లంతా నేల మీదే కూర్చోవాలి. మేము ఎక్కడ మొదలుపెట్టామో అక్కడికే వచ్చింది కథ. కానీ కమలాకర్ నాకు మాట ఇచ్చాడు, నేను చెప్పినన్ని కుర్చీలు విప్పకుండా వదిలేస్తానని. మల్లికార్జున్ కూడా వస్తాడట, తన హాలు చూసుకోవడానికి. ఆయన నేల మీద కూర్చోవచ్చు.

నా దస్తీ నీ దగ్గర ఉందన్నావు. పోస్టులో పంపకు. నీది నా దగ్గర ఉంది, మీ పెద్దమ్మ ఉతికి పెట్టెలో పెట్టింది. ఈసారి నేను వేయను. వేసి నిన్ను కాచుకుని కూర్చునే ఓపిక లేదు. నువ్వే వచ్చి వేయాలి. వస్తే నీతో మాట్లాడేదీ లేనిదీ శుభం పడ్డాక చూద్దాం. ఆ సినిమాకు శుభం ఉన్నదో లేదో కూడా నాకు తెలియదు.

నేను కమలాకర్‌కు లెక్క చెప్పాలి. ఉత్తరం రాస్తావో, సుమన ఫోనుకు కొడతావో నీ ఇష్టం. మార్చి 11, సోమవారం పొద్దు గూకేలోగా నాకు తెలియాలి.

ఒక కుర్చీనా, రెండు కుర్చీలా?

పెద్దబాపు బాలస్వామి